రాయి మీద చెక్కిన అడ్రసు

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ పోయే తోవలో, రైసు మిల్లుల వరస అయిపోయి పొలాలు మొదలయ్యే చోట విజేందర్ రాళ్ల దుకాణం ఉంది. ముందర రేకుల పందిరి, దాని కింద గోడకు ఆనించిన నల్ల గ్రానైటు పలకలు, వెనక ఒక గది. పందిరి కింద దుమ్ము, గదిలో కంప్యూటరు. ఈ రెంటికీ పడదు కాబట్టి నడిమి తలుపుకు అతని భార్య కరుణ పాత చీర రెండు మడతలేసి కట్టింది. విజేందర్ రోజుకు ఇరవై సార్లు ఆ చీర ఎత్తి అటూ ఇటూ తిరుగుతాడు.

అతని తండ్రి వెంకన్న రోళ్లు, ఇసుర్రాళ్లు చేసి ఊరూరా అమ్మినవాడు. మిక్సీలొచ్చాక రోళ్లు పెళ్లిళ్లకు తప్ప అక్కర లేకుండా పోయాయి. కొడుకు సమాధి రాళ్లకు దిగాడు. ఈ వైపు ఎవరి పెద్దలకు వాళ్లు తమ చేన్లోనే సమాధి కడతారు. ఎకరమున్నవాడు కూడా గట్టు పక్కన ఆ కాస్త జాగా విడుస్తాడు. దినాలకు, అంటే పదో రోజుకు, ఒక చిన్న పలక కావాలి: పేరు, ఊరు, పుట్టిందెప్పుడు, పోయిందెప్పుడు. ఏడాది తిరిగినాక సమాధి కట్టి పెద్ద రాయి నిలబెడతారు. దాని మీద ముఖం కూడా చెక్కించుకుంటారు. అంటే ఒక్కో మనిషికి విజేందర్ రెండు రాళ్లు చెక్కుతాడు, ఏడాది ఎడంతో. అతని దగ్గర ప్రతి పేరూ రెండుసార్లు రాసి ఉంటుంది. ఈ సంగతి తరువాత పనికొస్తుంది, అది కూడా చెడ్డకు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, మిర్యాలగూడలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఒకాయన అతనికి ఒక వెబ్‌సైటు చేసి పెట్టాడు. రాయి అడుగున ఒక అడ్రసు చెక్కుతారు. దాన్ని ఫోన్లో కొడితే ఆ మనిషి ఫోటో వస్తుంది, గొంతు ఉంటే గొంతు కూడా వినిపిస్తుంది. సెంటర్ ఆయన దాన్ని రూబీ అనే కంప్యూటరు భాషలో రాశాడు. ఆరు నెలలకు సెంటర్ మూసి హైదరాబాదు వెళ్లిపోయాడు. ఇంటర్ తప్పిన విజేందర్‌కు మిగిలింది ఒక పాస్‌వర్డు, అర్థంకాని కొన్ని ఫైళ్లు.

అతను ఎవరినీ పిలవలేదు. ఉలి పట్టడం కూడా ఎవరూ నేర్పలేదు, తండ్రి పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాడు. ఇదీ అట్లాగే అనుకుని ఆ ఫైళ్ల ముందు కూర్చున్నాడు. వాటిలో ఒకటి దారుల ఫైలు. ఎవరైనా ఫలానా అడ్రసు కొడితే ఏ పేజీ చూపించాలో చెప్పేది అదే. ఒక్కో రాయికి ఒక్కో లైను. కొత్త రాయి వచ్చినప్పుడల్లా పై లైను చూసి కింద ఇంకోటి రాసేవాడు. ఒకసారి కామా మరిచిపోతే సైటంతా పడిపోయింది. ఏ కామానో పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. ఆ పూటే అతనికి ఆ పని మీద గౌరవం పుట్టింది. అబద్ధం చెప్పని పని అది. తప్పుంటే నిలబడదు, సరిగ్గా ఉంటే ఎవరి మాటా అక్కర్లేదు. రాయి కూడా అంతే అనుకున్నాడు.

గొంతులు తేవడమంటే జనం ఏవేవో తెచ్చేవారు. మనుషులు పోయేముందు పాటలు పాడి పోరు. ఉన్నదల్లా కాల్ రికార్డింగులు, వాట్సాప్ మాటలు. యూరియా బస్తా తెమ్మని ఒకరు, చిట్టీ పాట ఎప్పుడని ఒకరు, ఎక్కడున్నవురా అని తిట్టేది ఒకరు. విజేందర్ వాటిని రాయి చెక్కినంత జాగ్రత్తగా వినేవాడు. ముందూ వెనకా గరగరలు కోసేసి, మాట మొదలయ్యే చోట మొదలుపెట్టి, ఆగే చోట ఆపేవాడు.

గుండ్లబావి నుంచి బాలనర్సమ్మ వచ్చింది రెండువేల పద్దెనిమిది వానాకాలంలో. పక్కన కూతురు ప్రవళిక. భర్త పోయి ఏడాది అయింది, పెద్ద రాయి కావాలి. భర్త పేరు మేడి సైదులు. డప్పు కొట్టి ఊళ్లో చాటింపు వేసేవాడు, అందుకని అందరికీ చాటింపు సైదులు. పంచాయతీ వాళ్లు మైకు కట్టిన ఆటో పెట్టేదాకా ఊళ్లో ఏ కబురైనా అతని నోటినుంచే తెలిసేది. తాతలకు భూమి లేదు, సర్కారు ఇచ్చిన రెండెకరాలే ఆస్తి. ప్రవళిక హాస్టల్లో స్నేహితురాళ్లకు చూపించాలని ఒకనాడు ఇంటి గడపలో నిలబడి తండ్రి చాటింపు వేస్తుంటే ఫోన్లో పట్టింది. నిమిషం యాభై సెకన్లు. పశువులకు సూది మందు వేస్తారని చెప్పే చాటింపు. అతని గొంతు ఉన్నది అదొక్కటే.

విజేందర్ దాన్ని మూడుసార్లు విన్నాడు. డప్పు మూడు దెబ్బలు, తర్వాత గొంతు. మొదటి మాట పొడుగ్గా లాగి, రెండో మాట దగ్గర కిందికి దించి, వారం పేరు దగ్గర మళ్లీ పైకి ఎత్తేవాడు. కోయడానికి ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టే పెట్టాడు.

బాలనర్సమ్మ పలకల మధ్య నిలబడి అడిగింది. "ఇది ఉంటదా బిడ్డా? ఫోను కరాబయితే?"

మాటకారి కాడు విజేందర్. అయినా ఆనాడు అన్నాడు. "ఫోను పోతది పెద్దమ్మా. ఇది పోదు. రాయి ఉన్నన్ని దినాలు ఉంటది."

ఆ ఫోను ఆ చలికాలమే చచ్చిపోయింది. తల్లీ కూతుళ్లు ఫికర్ పడలేదు. ప్రతి ఏడూ పెత్రమాస నాడు, పెద్దలకు బియ్యమిచ్చే ఆ అమావాస్య నాడు, చేన్లోకి పోయి రాయి మీద అడ్రసు చూసి ప్రవళిక ఫోన్లో కొట్టేది. సైదులు చాటింపు వేసేవాడు. బాలనర్సమ్మ వినేది. అంతే, ఇంటికి వచ్చేవారు.

ఆ అడ్రసు పొడుగు. సెంటర్ ఆయన దాన్ని దరఖాస్తు మీద రాసినట్టు పెట్టాడు: జిల్లా, మండలం, ఊరు, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు. అంతా కలిపి ఇంగ్లీషులో అరవై అక్షరాలు దాటేది. ఆపైన రెండువేల పదహారు దసరాకు జిల్లాలు మారాయి. నిన్నటిదాకా నల్లగొండ అన్నది తెల్లారి సూర్యాపేట అయింది, కొన్ని ఊళ్లకు మండలమూ మారింది. కొత్త రాళ్లకు కొత్త జిల్లా పేరు రాయాలని జనం పట్టుబట్టారు. పాత రాళ్ల మీద పాత జిల్లా ఉండనే ఉంది, చెక్కింది చెరపలేం. దాంతో దారుల ఫైల్లో పాతదానికి ఒక లైను, కొత్తదానికి ఒక లైను. ఏడెనిమిది వందల లైన్లయ్యాయి. రాయి అడుగున అంత పొడుగు అడ్రసు చెక్కాలంటే అక్షరాలు చీమల్లా వచ్చేవి. ఒక అక్షరం అంచు రాలిందంటే రాయంతా పోయినట్టే. ఫోనుతో స్కాన్ చేసే చదరపు గడుల బొమ్మ చెక్కితే సరిపోదా అని చాలామంది అడిగారు. అదీ చేసి చూశాడు. కాగితం మీద నల్లగా ఉండాల్సిన గడులు నల్ల రాయి మీద తెల్లగా పడతాయి. సగం ఫోన్లు దాన్ని చదవలేదు.

ఇంత పొడుగు ఎవడు కొడతడు అని జనం అనేవారు. వాళ్లు అనకపోయినా అతనికే అది నచ్చేది కాదు. ఏడొందల లైన్లున్న ఫైలు తెరిస్తే, ఎవరో చేతకానివాడు చెక్కిన రాయిలా కనిపించేది. ఆ చేతకానివాడు తనే.

రెండువేల ఇరవైరెండు ఆషాఢంలో పని తక్కువగా ఉంది. విజేందర్ గదిలో కూర్చుని నేర్చుకున్నాడు. ఒక్కో రాయికి ఒక్కో లైను అక్కర్లేదు. అడ్రసులో ఊరి పేరు ఎక్కడుందో, మనిషి పేరు ఎక్కడుందో ఒక్కసారి చెబితే చాలు, ఏ ఊరికైనా ఏ పేరుకైనా ఆ ఒక్క లైనే పనిచేస్తుంది. జిల్లా పీకేశాడు, ఇంకోసారి మారినా బాధ లేదు. మండలం పీకేశాడు. తండ్రి పేరు కూడా పీకేశాడు. ఊరు, ఇంటిపేరు, పేరు మిగిలాయి. పాత రాళ్ల అడ్రసులు చావకూడదని, వాటిలో ఉన్న జిల్లా, మండలం, తండ్రి పేరు పట్టించుకోకుండా మిగతా ముక్కలు పట్టుకుని కొత్త దారికి మళ్లించే లైను ఇంకోటి రాశాడు. ఏడొందల లైన్లు రెండు లైన్లయ్యాయి.

ఒక్కటే చిక్కు. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదు. దినాల పలక మీద కూడా అడ్రసు చెక్కించుకునేవాళ్లు తక్కువ కాబట్టి, వెతికి చూస్తే నలభై మూడు జంటలే తేలాయి. విజేందర్ ఒక్కొక్కటి తెరిచి చూశాడు. మొదటిది దినాల పలక, ఏడాది రాయి: ఒకే మనిషి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పన్నెండు చూశాడు. పన్నెండూ రెండు రాళ్ల కథే. మిగతా ముప్పై ఒకటి చూడలేదు. తర్వాత చెక్కినదాన్ని ఉంచి మొదటిది తీసెయ్యమని కంప్యూటరుకు చెప్పాడు. దాంతోపాటు ఉన్న ఫోటో, గొంతు కూడా తీసెయ్యమన్నాడు, సైటుకు కిరాయి కట్టే జాగా ఊరికే ఎందుకు నిండాలని. అప్పటికే ఏడాది రాయి దగ్గర గొంతు ఉంటుంది కాబట్టి పలక దగ్గరిది అక్కర్లేదు.

తర్వాత పరీక్ష పెట్టాడు. పాత అడ్రసులన్నీ ఒకదాని వెంట ఒకటి కొట్టి చూసే చిన్న ప్రోగ్రాం రాశాడు. ప్రతి అడ్రసుకూ పేజీ వచ్చింది. ఒక్కటి కూడా తప్పలేదు. పేజీ వచ్చిందా లేదా అని మాత్రమే ఆ ప్రోగ్రాం చూసింది. ఎవరి పేజీ వచ్చిందో చూడమని అతను చెప్పలేదు.

ఆ సాయంత్రం కరుణను పిలిచి ఫైలు చూపించాడు. ఆమె తెర మీదికి వంగి, గింతేనా అంది. నెల రోజులు కూసుని ఉన్నదంతా తుడిచేసినవా అని నవ్వింది. అతనూ నవ్వాడు. చెయ్యి తిరిగినవాడి పని అట్లాగే కనిపించాలని అతని నమ్మకం, ఏమీ చెయ్యనట్టు.

పెత్రమాస ఆ ఏడు సెప్టెంబరులో ఆదివారం వచ్చింది. ఏడాది పొడుగునా ఎవరూ తెరవని పేజీలు ఆ ఒక్కరోజే తెరుచుకుంటాయి. పొద్దున తొమ్మిది దాటాక ఫోను మోగింది. ప్రవళిక. వెనక గాలి శబ్దం, ఎవరో ఆడమనిషి గొణుగుడు.

"అన్నా, మా బాపు కాడ మేస్త్రీ పెదబాపు మాట్లాడుతుండు."

విజేందర్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. మళ్లీ కొట్టి చూడమన్నాడు. రెండుసార్లు కొట్టినమన్నా, ఇసుక ట్రాక్టరు బేరం చేస్తుండు అని ఆ అమ్మాయి అంది. తల్లి రాయి ముందే నిలబడి ఉందని చెప్పింది.

చీర తెర ఎత్తుకుని గదిలోకి పోయాడు. మేడి సైదులు, గుండ్లబావి అని వెతికాడు. ఒక్కడే ఉన్నాడు. తండ్రి పేరు చూశాడు, పోయిన తేదీ చూశాడు. ఇరవైఒకటి కరోనాలో పోయిన మేస్త్రీ సైదులు. మొన్న ఎండాకాలంలోనే అతని కొడుకు గోపీకృష్ణ వచ్చి ఏడాది రాయి తీసుకుపోయాడు. చాటింపు సైదులు లేడు.

ఈ మేడి సైదులు ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. వాళ్ల తాత మేడి సైదులు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని తాతకు ఆ పేరు పెట్టారు. తాతకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ తమ పెద్దకొడుక్కు తండ్రి పేరే పెట్టుకున్నారు. తాత పేరు పెట్టుకోవడం ఈ వైపు ఇంటింటా ఉన్నదే, దానికి ఎవరూ ఎవరినీ అడగరు. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, ఒకే పేరు. ఇద్దరినీ వేరు చేసేది తండ్రి పేరొక్కటే. దాన్నే విజేందర్ పీకేశాడు. ఆ పైన చూడని ముప్పై ఒకటిలో వాళ్లున్నారు. తర్వాత చెక్కినదాన్ని ఉంచి మొదటిది తీసెయ్యమంటే కంప్యూటరు అదే చేసింది.

ఆ ఇద్దరికీ బతికుండగా పడేది కాదు. వాళ్ల చేన్లు పక్కపక్కనే. మేస్త్రీ సైదులు ఒక ఏడు దున్నకానికి ట్రాక్టరు పెట్టి గట్టును రెండు అడుగులు ఇవతలికి జరిపాడని చాటింపు సైదులు పంచాయితీ పెట్టించాడు. తేలలేదు. ఆరేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. చచ్చాక ఆ గట్టుకు అటొక సమాధి, ఇటొక సమాధి.

కరుణ వచ్చి ఏమైందని అడిగింది. అతను తెర చూపించాడు. ఆమె చదివి, "మల్ల తేవచ్చు గదా?" అంది.

అదే అతనూ అనుకున్నాడు. సైటుకు జాగా కిరాయికిచ్చే కంపెనీకి ఫోను చేశాడు. వాళ్ల దగ్గర వారం రోజుల నకళ్లే ఉంటాయట. తీసేసింది ఆషాఢంలో. అప్పటికి రెండు నెలలు దాటింది. గొంతులు మొదట ఎక్కించిన పాత లాప్‌టాపు గుర్తొచ్చింది. కొత్తది కొన్నప్పుడు దాన్ని దుకాణంలో ఇచ్చేసి ధర తగ్గించుకున్నాడు. ఆ దుకాణానికి పోతే, ఎన్నటి ముచ్చట అన్నా అని వాళ్లు నవ్వారు. హైదరాబాదులో పోయిన ఫైళ్లు తీసే షాపుకు బస్సెక్కి పోయాడు. అక్కడి మనిషి మంచివాడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. డిస్కు చేతిలో ఉంటే చూడొచ్చు, ఎక్కడో కంపెనీ మిషన్లలో చెరిగిపోయినదాన్ని తాను తేలేనన్నాడు. ప్రవళికను పాత ఫోను సంగతి అడిగాడు. అది చచ్చినాక ప్లాస్టిక్ బిందెలిచ్చే బండివానికి ఇచ్చేశారు.

ఆ వారంలోనే మిగతా ముప్పై జంటల వాళ్లకూ ఫోన్లు చేసి ఒక్కొక్కటి అడిగి చూసుకున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నలభై మూడింటిలో తప్పింది ఒక్కటే. ఆ లెక్క అతనికి ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

గుండ్లబావికి పోయాడు. ఎవరి దగ్గరైనా చాటింపు సైదులు గొంతు ఉందేమోనని ఇంటింటా అడిగాడు. ఊళ్లో అప్పటికే కథ తిరిగింది. కల్లు దగ్గర కూర్చున్నవాళ్లకు అది నవ్వులాట. బతికినన్నాళ్లు గట్టు జరిపిండు, చచ్చినంక సమాధిలకే జొరబడ్డడు అని మేస్త్రీ మీద పరాచికం. గోపీకృష్ణ ఆ నవ్వుల మధ్య నుంచి లేచి వచ్చాడు. పట్నంలో టైల్స్ పని చేస్తాడు, మొహాన సిమెంటు మరకలు.

"అన్నా, మా నాయినను నువ్వే అండ్ల పెట్టినవ్. తిట్లు మాకు పడుతున్నయి. సిన్నమ్మ మా ఇంటి దిక్కు చూస్తనే లేదు."

విజేందర్ తన తప్పేనని చెప్పాడు. ఎట్లా జరిగిందో కూడా చెప్పాలని చూశాడు. తండ్రి పేరు, రెండు రాళ్లు, తర్వాతిది ఉంచడం. సగంలో ఆగిపోయాడు. వింటున్నవాళ్ల మొహాల్లో అది సాకులా కనిపిస్తోంది. నిజానికి చెప్పేకొద్దీ తనకూ సాకులాగే వినిపించింది.

గొంతు ఎవరి దగ్గరా లేదు. ముప్పై ఏళ్లు ఊరంతా విన్న గొంతు. రోజూ వినేదాన్ని ఎవరు పట్టుకుంటారు? పీర్ల పండుగ వీడియో ఒకటి దొరికింది. అందులో చాటింపు సైదులు డప్పు కొడుతూ కనిపించాడు, నోరు కూడా కదులుతోంది. పదహారు డప్పుల మోతలో ఒక్క మాట వినిపించలేదు. విజేందర్ దాన్ని గదిలో పెట్టుకుని రెండు రోజులు తంటాలు పడ్డాడు. డప్పులు తగ్గిస్తే గొంతూ తగ్గింది.

దారుల ఫైల్లో పైన కొత్త లైను రాశాడు: గుండ్లబావి మేడి సైదులు అయితే తండ్రి పేరు చూడు. ఆ లైను రాశాక బాలనర్సమ్మ రాయి మీది అడ్రసుకు మేస్త్రీ గొంతు రావడం ఆగిపోయింది. చాటింపు సైదులు పేరు, ఊరు, ఏడాది రాయి మీద ముఖం కోసం దాచిన ఫోటో పెట్టాడు. గొంతు బొత్తం ఉండే చోటు ఖాళీ.

దసరా వెళ్లినాక ప్రవళిక మళ్లీ ఫోను చేసింది. ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. రాయి మీది అడ్రసు తీసెయ్యాలని అమ్మ అంటుందని చెప్పింది.

మెరుగుపెట్టిన గ్రానైటు మీద అక్షరాలు తీసెయ్యడమంటే ఆ మేరకు రాయిని కిందికి తోడెయ్యడమే. మళ్లీ అంత నున్నగా కాదు. బూడిద రంగు మచ్చ నిలిచిపోతుంది. ఫోన్లో ఆ మాట చెప్పాడు. ఫర్వాలేదంది. చేన్లో కరెంటు లేదు కాబట్టి మిషను పనికిరాదు. ఉలి, సుత్తె సంచిలో వేసుకుని బండి మీద పోయాడు.

పత్తి తీసే రోజులు. బాలనర్సమ్మ ఒడి నిండా పత్తితో చాళ్ల మధ్య నుంచి వచ్చింది. ఒడి విప్పి పత్తిని గట్టు మీద కుప్ప పోసి, రాయి పక్కన కూర్చుంది. అతను రాయి ముందు గొంతుక్కూర్చుని అడుగున అక్షరాలు చేత్తో తడిమాడు. తన చెయ్యే. అరవై అక్షరాలు, ఒక్కదాని అంచూ రాలలేదు.

తీసెయ్యకముందు ఒక మాట చెప్పాలనుకున్నాడు. "పెద్దమ్మా, నేను సరిచేసిన. ఇగ మేస్త్రీ గొంతు రాదు."

"మరి ఏమొస్తది?"

"పేరొస్తది. ఫోటో వస్తది."

"ఫోటో రాయి మీద ఉన్నది గదా బిడ్డా."

అతను సంచిలోంచి ఉలి, సుత్తె తీశాడు. ఆమె పత్తిలోంచి ఎండుటాకులు ఏరుతూ, తిట్టడానికి కాకుండా, నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది.

"నువ్వు విన్నవు గదా. మంచిగ విన్నవు, మూడుసార్లు. నేను చూసిన ఆనాడు. ఎట్ల అన్నడో చెప్పు."

మాటలు అతనికి గుర్తున్నాయి. పొల్లు పోకుండా గుర్తున్నాయి. "వినుండ్రయ్యా వినుండ్రి," అని మొదలుపెట్టాడు. "రేపు బేస్తారం పొద్దుగాల పశువుల డాక్టరు సారు వస్తుండు. గొడ్లున్నోళ్లు గొర్లున్నోళ్లు పంచాయితీ ఆఫీసు కాడికి తోలుకరావాలె. సూది మందు ఉత్తగనే..." చదివినట్టు వచ్చింది. మొదటి మాట లాగాలని తెలుసు, ఎంత లాగాలో తెలియలేదు.

"గట్ల గాదు," అంది ఆమె.

అతను మళ్లీ అన్నాడు. ఈసారి రెండో మాట దగ్గర దించాడు.

"గట్ల గాదు బిడ్డా. ఆయన మెల్లగ ఎత్తుకునేటోడు." ఆమె ఏరుతున్న ఆకును పక్కన పడేసింది. తనే మొదలుపెట్టింది. కూర్చున్న చోటే, కళ్లు చేని మీద పెట్టి, చిన్న గొంతుతో. వినుండ్రయ్యా అనేదాన్ని నిదానంగా లాగింది. అదే. విజేందర్ కంప్యూటరు ముందు విన్నది అదే. వినుండ్రి దగ్గర కిందికి దించింది. రేపు బేస్తారం అంది. అక్కడ ఆగింది.

"ఆడ మర్లేస్తుండె," అంది, గొంతు మలుపును చెయ్యి తిప్పి చూపిస్తూ. "ఎట్ల మర్లేస్తుండె?"

అతన్నే అడుగుతోంది. వారం పేరు దగ్గర పైకి ఎత్తేవాడని అతనికి గుర్తుంది. ఆ ఎత్తడం ఎట్లాంటిదో గుర్తు లేదు.

ఆమె మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అక్కడికే వచ్చి ఆగింది. ఇంకోసారి ఎత్తుకుంది. ఈసారి మొదటి మాట కూడా ఇందాకటిలా రాలేదు. కొంచెం ముందుగానే తెగిపోయింది. అది ఆమెకూ తెలిసింది. చప్పున అతని మొహం చూసి, చూపు తిప్పుకుంది.

సుత్తె అతని కుడిచేతిలో ఉంది. ఉలి మొన మొదటి అక్షరం మీద ఆనించి ఉంది. దెబ్బ వేస్తే ఆ చప్పుడుకు ఆమెకు మిగిలింది కూడా చెదిరిపోతుందేమోనని అతను చెయ్యి ఎత్తలేదు. ఆమె నోటిలో నోటిలోనే మళ్లీ మొదలుపెట్టింది.